చెంగ్డూ పాండా కేంద్రంలో ఎన్ని గంటలు గడపాలి? సందర్శన ప్రణాళికకు సమగ్ర మార్గదర్శి

చైనా యాత్రకు వెళ్లేవారికి ట్రావెల్ సంస్థలు ఇచ్చే కార్యక్రమ పట్టికల్లో చెంగ్డూ పాండా కేంద్రానికి తరచుగా రెండు గంటలే కేటాయించి ఉంటాయి. అవి కూడా హోటల్‌లో తీరిగ్గా టిఫిన్ ముగించుకుని, పదిన్నర పదకొండు గంటల వేళకు గేటు దగ్గర దిగేటట్టు ఉంటాయి. ఆ వేళకు చేరినవారు నాలుగు గంటలు తిరిగినా ఎక్కువగా చూసేది పడుకుని ఉన్న పాండాల వీపులనే. అందుచేత ఎంతసేపు ఉండాలన్న ప్రశ్నకు ముందు ఎన్నింటికి మొదలుపెట్టాలన్నది తేల్చుకోవాలి. ఈ మార్గదర్శి అంతటా లెక్క ఆ క్రమంలోనే సాగుతుంది.

ముందుగా జవాబు చెప్పి, తరువాత వివరాల్లోకి వెళ్దాం. తొలిసారి వెళ్లే కుటుంబం గేటు తెరిచే వేళకు అక్కడ ఉండగలిగితే నాలుగు నుంచి ఐదు గంటలు సరిపోతాయి. హువా హువా అనే ప్రసిద్ధ పాండాను కూడా చూడాలంటే ఏడెనిమిది గంటలు పెట్టుకోవాలి. పసిపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దలతోనో వెళ్లేవారు మూడు గంటలకు మించి అనుకోకపోవడం మంచిది. ఫొటోల కోసమే వెళ్లేవారికి ఒక పూర్తి రోజుకంటే రెండు ఉదయాలు ఎక్కువ ఫలితం ఇస్తాయి.

మొదటి దశ: పాండా దినచర్యను తెలుసుకోవడం

జెయింట్ పాండా శాస్త్రీయంగా ఎలుగుబంటి కుటుంబానికి చెందినది. దాని జీర్ణవ్యవస్థ మాంసాహార జంతువులకు ఉండేలాంటిదే, కానీ తినేది దాదాపు పూర్తిగా వెదురు. పొట్టలోకి వెళ్లిన వెదురులో ఐదో వంతు కూడా సరిగా అరగదు కనుక, ఆ లోటును పరిమాణంతో పూడ్చుకోవడానికి అది రోజుకు పది గంటలకు పైగా తింటూనే ఉంటుంది. మిగిలిన కాలంలో శక్తిని పొదుపు చేసుకోవడానికి పడుకుంటుంది. ఒక విడత తిన్న తరువాత రెండు నుంచి నాలుగు గంటలు విశ్రాంతి తీసుకోవడం దాని అలవాటు. సందర్శకుడి దృష్టిలో దీని అర్థం స్పష్టంగానే ఉంది: ఉదయపు మేత ముగిసేలోగా చేరినవారికి కదిలే పాండా కనబడుతుంది, ముగిసిన తరువాత చేరినవారికి మధ్యాహ్నం దాకా అదే నిద్ర కనబడుతుంది.

కేంద్రంలో ఉదయం వేళ సిబ్బంది తాజా వెదురు గడలను ఆవరణల్లో పెట్టాక పాండాలను బయటకు వదులుతారు. సాధారణంగా ఎనిమిదిన్నర నుంచి పది గంటల మధ్య కాలమే చూడడానికి అత్యుత్తమమైనది. మధ్యాహ్నం రెండు మూడు గంటల ప్రాంతంలో మరో విడత మేత ఉన్నప్పటికీ, వేసవిలో దానిపై ఆధారపడలేము. ఎండ పెరిగి ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు దాటితే పాండాలను ఏసీ ఉన్న లోపలి గదుల్లోనే ఉంచుతారు, అప్పుడు అద్దం వెనుక నుంచి, వెనుకవారి తోపులాట నడుమ చూడవలసి వస్తుంది.

ఒక పాండా ముందు ఎంతసేపు నిలబడాలన్నది కూడా ఇక్కడే నిర్ణయించుకోవాలి. చాలామంది ఒక్కో ఆవరణ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఫోన్‌తో ఫొటో తీసి, తరువాతిదానికి వెళ్లిపోతారు. నా సలహా మాత్రం ఏదో ఒక తింటున్న పాండాను ఎంచుకుని దాని ముందు ఇరవై నిమిషాలు నిలబడమని. అది వెనక్కి ఆనుకుని, కాళ్లు చాచి కూర్చుంటుంది. వెదురు కొమ్మను అందుకుని ఆకులను ఒక్కొక్క రెమ్మ చొప్పున పళ్లతో తెంపుతుంది, కానీ వెంటనే నమలదు. నోటికి ఒక పక్కన వాటిని పోగుచేసి, కట్టగా తయారయ్యాక ముందుకాలితో బయటకు తీసి, పట్టుకుని కొరుకుతుంది. ఆ పట్టు వచ్చేది మణికట్టు దగ్గరి ఎముక ఒకటి పెరిగి బొటనవేలిలా పనిచేయడం వల్ల. గడను తినేటప్పుడైతే పచ్చని పైచెక్కును పళ్లతో ఒలిచి పడేసి, లోపలి తెల్లని భాగాన్ని మాత్రమే చప్పుడు వినబడేలా నమలుతుంది. ఈ పని మొత్తాన్ని చూడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ముప్ఫై ఆవరణల ముందు పరుగెత్తినా ఇది కనబడదు.

రెండవ దశ: నెలను బట్టి లెక్క మార్చుకోవడం

మార్చి నుంచి మే వరకు సంతానోత్పత్తి కాలం. ఆడ పాండా ఏడాదికి ఒక్కసారి, ఒకటి నుంచి మూడు రోజులు మాత్రమే గర్భధారణకు సిద్ధంగా ఉంటుంది. వసంతంలో వెదురు కొమ్ములు, అంటే లేత మొలకలు, కూడా వస్తాయి, పాండాలు వాటిని గడలకంటే ఇష్టంగా తింటాయి. వాతావరణం చల్లగా ఉండడం వల్ల అవి బయట ఎక్కువసేపు ఉంటాయి కనుక ఈ నెలల్లో ఐదు గంటలు పెట్టుకున్నా వృథా కాదు.

పిల్లలు ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబర్ లోపు పుడతాయి. పుట్టినప్పుడు బరువు వంద గ్రాములకు కాస్త అటూఇటూగా, తల్లి బరువులో సుమారు తొమ్మిది వందలో వంతు ఉంటుంది. వాటిని చూడాలన్న కోరికతో ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో వచ్చేవారు ప్రసూతి గదుల అద్దం ముందు వరుసలో నిలబడవలసి ఉంటుంది కాబట్టి అదనంగా గంట చేర్చుకోవాలి. జూలై, ఆగస్టుల్లో చైనాలో బడులకు సెలవులు కావడంతో రద్దీ ఎక్కువగా ఉంటుంది, చెంగ్డూ ఉక్కపోత దానికి తోడవుతుంది. ఆ రెండు నెలల్లో వెళ్లక తప్పనివారు ఉదయం పదకొండుకల్లా బయటకు వచ్చేలా మూడున్నర గంటల ప్రణాళిక వేసుకోవడం మేలు.

నా అభిప్రాయంలో అన్నింటికంటే మంచి కాలం నవంబర్, డిసెంబర్. ఆ ఏడు పుట్టిన పిల్లలు నడక నేర్చుకుంటూ ఉంటాయి, పెద్దవి చలిని ఇష్టపడి మధ్యాహ్నం కూడా చురుకుగా తిరుగుతాయి. ఆకాశం మాత్రం బూడిద రంగులోనే ఉంటుంది, స్వెటర్ తప్పనిసరి. మే మొదటి వారం, అక్టోబర్ మొదటి వారం, చైనా కొత్త సంవత్సరం సెలవులు మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎంచుకోకండి. ఆ రోజుల్లో ఏ గంటల లెక్కా నిలవదు.

మూడవ దశ: ఏమేమి చూడాలో ఎంచుకుని, దేనికెంత సమయమో వేయడం

ఈ కేంద్రం 1987లో, అడవుల నుంచి కాపాడి తెచ్చిన ఆరు పాండాలతో మొదలైంది. 2022 ప్రాంతంలో విస్తరించాక దాని వైశాల్యం ఐదు వందల ఎకరాలు దాటింది. హైదరాబాద్ నెహ్రూ జూ పార్క్ 380 ఎకరాలన్నది గుర్తుంచుకుంటే, అంతటినీ ఒక పూటలో నడిచి ముగించాలన్న ఆలోచన ఎందుకు మానుకోవాలో అర్థమవుతుంది. పైగా ఇది చదునైన నేల కాదు. గుట్టలు, ఎత్తుపల్లాలు, వెదురు తోపుల మధ్య వంపులు తిరిగే దారులు ఉన్నాయి.

దక్షిణ గేటు పాత భాగానికి తెరుచుకుంటుంది. ప్రసూతి గదులు, పిల్ల పాండాల ఆవరణలు, పాత సందర్శన స్థలాలు అటువైపే ఉన్నాయి, రద్దీ కూడా అక్కడే. పశ్చిమ గేటు కొత్త భాగానికి దారి తీస్తుంది. అక్కడ ఆవరణలు విశాలంగా, జనం పలుచగా ఉంటారు, అయితే ఒక్కో ఆవరణకు నడక ఎక్కువ. తొలిసారి వెళ్లేవారు దక్షిణ గేటు నుంచి ప్రవేశించడమే సబబు. రద్దీ భరించలేనివారు, ఇదివరకు చూసినవారు పశ్చిమ గేటును ఎంచుకోవచ్చు.

సమయాన్ని ఇలా పంచుకోవచ్చు. పిల్ల పాండాలు, కౌమార పాండాల ఆవరణలకు గంటన్నర, పెద్ద పాండాలకు గంట, ఎర్ర పాండాలకు నలభై నిమిషాలు, పాండాల జీవశాస్త్రం చెప్పే మ్యూజియానికి నలభై నిమిషాలు, ఒకచోటి నుంచి మరోచోటికి నడకకు మొత్తం మీద గంట. ఎర్ర పాండాలను చాలామంది దాటవేస్తారు, అది తగదు. జెయింట్ పాండాతో పేరు కలిసినా ఇది వేరే కుటుంబానికి చెందిన జంతువు, పరిమాణంలో పిల్లికంటే కాస్త పెద్దది. కొన్నిచోట్ల సందర్శకుల చెక్కదారి వాటి ఆవరణ గుండానే వెళ్తుంది, మెత్తని పాదాలతో అవి మనుషుల మధ్యనుంచే దారి దాటుకుని పోతాయి. మన దేశంలో జెయింట్ పాండా ఏ జూలోనూ లేదు. ఎర్ర పాండా మాత్రం సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్, ఉత్తర బెంగాల్ కొండల్లో సహజంగానే ఉంది, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు పేరు పెట్టిన డార్జిలింగ్ జూలో దాని సంరక్షణ కార్యక్రమం నడుస్తోంది.

ఇక హువా హువా సంగతి. 2020 జూలై 4న పుట్టిన ఈ ఆడ పాండా పొట్టి కాళ్లు, మెడ లేనట్టు కనిపించే గుండ్రని ఆకారం, మందగమనం వల్ల చైనా అంతటా సినీతారలకు దీటైన పేరు తెచ్చుకుంది. దాన్ని చూడడానికి ప్రత్యేక వరుస ఉంటుంది. సందర్శకులను జట్లు జట్లుగా లోపలికి పంపి కొద్ది నిమిషాలకే ముందుకు కదిలిస్తారు. వరుసలో గడిచే సమయం మామూలు రోజుల్లోనే గంట దాటవచ్చు, సెలవుల్లో రెండు మూడు గంటలు పట్టవచ్చు. ఆమెను చూడాలన్న పట్టుదల ఉంటే గేటు తెరవగానే నేరుగా అటే నడవాలి, లేదా పూర్తిగా మానుకోవాలి. మధ్యలో, తొమ్మిదింటప్పుడు వెళ్లి వరుసలో నిలబడడం అన్నింటికంటే నష్టం, ఎందుకంటే మిగతా పాండాలు తింటున్న వేళంతా ముందున్నవారి తలలు చూస్తూ గడిచిపోతుంది. నన్నడిగితే మొదటి సందర్శనలో మానుకోమనే చెబుతాను. కొద్ది నిమిషాల దర్శనం కోసం ఉదయాన్ని వదులుకోవలసిన తేడా ఇతర పాండాలకు, దానికి మధ్య లేదు. అభిమానులు దీనితో ఏకీభవించరని తెలుసు.

నాలుగవ దశ: గేటు వేళ నుంచి వెనక్కి లెక్కవేయడం

కేంద్రం ఎక్కువ నెలల్లో ఉదయం 7:30కు, చలికాలంలో 8 గంటలకు తెరుచుకుంటుంది. టికెట్ ధర 55 యువాన్లు. పాస్‌పోర్టు నంబరుతో ముందుగానే, ఉదయం పూటకో మధ్యాహ్నం పూటకో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఉదయపు టికెట్లు ముందు అయిపోతాయి కనుక తేదీ ఖాయమైన వెంటనే తీసుకోవడం అవసరం. ప్రవేశానికి పాస్‌పోర్టునే చూపాలి. హోటల్ లాకర్‌లో పెట్టి జిరాక్స్ కాపీతో బయలుదేరితే గేటు దగ్గర గంట పోగొట్టుకున్నట్టే.

నగరం నడిబొడ్డున ఉన్న చున్‌షీ రోడ్ దగ్గర బస చేస్తే మెట్రో మూడవ లైన్‌లో నేరుగా పాండా అవెన్యూ స్టేషన్‌కు వెళ్లి, అక్కడి నుంచి బస్సులో గేటుకు చేరవచ్చు. మారడం, నడవడం, ఎదురుచూడడం అన్నీ కలిపి గంట వేసుకోవాలి. ట్యాక్సీలో తెల్లవారుజామున ముప్ఫై నలభై నిమిషాలు చాలు. గేటు తెరవడానికి పావుగంట ముందు చేరాలంటే వేసవిలో హోటల్ నుంచి ఆరుంబావుకు, ట్యాక్సీలో అయితే ఆరున్నరకు బయలుదేరాలి. అల్పాహారం ముందురోజు రాత్రే కొని పెట్టుకోండి.

ఇక్కడ భారతదేశం నుంచి వెళ్లేవారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటుంది. చైనా అంతటికీ ఒకే సమయం, అది మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే చెంగ్డూలో 7:30 అయినప్పుడు మన శరీరానికి తెల్లవారి ఐదు గంటలు. పైగా చెంగ్డూ దేశానికి పశ్చిమాన ఉండడం వల్ల చలికాలంలో ఎనిమిదికి అటూఇటూగా గాని సూర్యుడు ఉదయించడు. కాబట్టి చేరిన మరునాడే పాండా కేంద్రం పెట్టుకోకుండా, మొదటి రోజును నగరంలోని ఉద్యానాలకు, టీ దుకాణాలకు వదిలి, రెండో లేదా మూడో ఉదయాన వెళ్లండి. అమెరికా నుంచి వెళ్లే తెలుగువారికి దీనికి భిన్నంగా మొదటి రెండు ఉదయాలే అనుకూలం, ఎలాగూ జెట్‌లాగ్ వల్ల నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది.

ఐదవ దశ: ఒక ఉదయానికి నమూనా క్రమం

అక్టోబర్ చివరి వారంలో, హువా హువాను విడిచిపెట్టి, ఇద్దరు పెద్దలు, పదేళ్ల పిల్లవాడు కలిసి దక్షిణ గేటు నుంచి వెళ్తున్నారని అనుకుందాం. ఏడుంబావుకు గేటు ముందు నిలబడి, ఏడున్నరకు లోపలికి ప్రవేశించాక దారిలో బొమ్మల దుకాణాలను, ఫొటో స్థలాలను పట్టించుకోకుండా ముందుగా కౌమార పాండాల ఆవరణలకు వెళ్లాలి. ఆ వేళ అవి ఒకదానిపై ఒకటి పడి ఆడుకుంటుంటాయి, చెక్క అరుగుల నుంచి జారిపడుతుంటాయి. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు పెద్ద పాండాల దగ్గర గడిపి, మీరు ఎంచుకున్న ఒకదాని ముందు ఆ ఇరవై నిమిషాలూ నిలబడండి. తొమ్మిదిన్నరకు యాత్రా బృందాల బస్సులు దిగడం మొదలవుతుంది, జెండాలు, మైకులు పట్టుకున్న గైడ్లు ప్రధాన దారిని నింపేస్తారు. ఆ సమయానికి లోపలి వైపుకు, ఎర్ర పాండాల ఆవరణకు చేరుకుని ఉండాలి. పదిన్నరకు కాసేపు కూర్చుని తిని, పదకొండుకు మ్యూజియంలోకి వెళ్లండి. పాండాలు నిద్రపోయే వేళ, ఎండ ఎక్కే వేళ అది, ఏసీ గదిలో ఉండడమే లాభం. పన్నెండుకు బయటకు వచ్చే దారిలో దుకాణం చూసుకుని, పన్నెండున్నరకు గేటు దాటితే ఐదు గంటలు పూర్తవుతాయి.

హువా హువాను చేర్చుకుంటే మొదటి రెండు గంటలు అటుపోతాయి. అప్పుడు కౌమార పాండాలను మధ్యాహ్నపు మేత వేళకు, అంటే రెండు నుంచి మూడున్నర మధ్యకు జరిపి, మధ్యలో భోజనం, మ్యూజియం పెట్టుకోవాలి. మొత్తం ఎనిమిది గంటలకు చేరుతుంది. చల్లని నెలల్లో అది సాధ్యమే, వేసవిలో కాదు.

ఆరవ దశ: వెంట వచ్చేవారిని బట్టి సర్దుబాటు

పెద్దలతో వెళ్తే లోపల తిరిగే బ్యాటరీ బండ్ల టికెట్ విడిగా తీసుకోండి. అవి నిర్ణీత స్టాపుల్లో దింపుతాయే గాని ఆవరణల దాకా వెళ్లవు, ఎక్కడానికి కూడా వరుస ఉంటుంది. అందువల్ల బండి ఉంది కదా అని ప్రణాళికకు మరిన్ని ఆవరణలు జోడించకుండా, ఎంచుకున్న రెండు చోట్లకు మాత్రమే వాడుకోండి. ఐదేళ్లలోపు పిల్లలు తొలి రెండు గంటలు ఉత్సాహంగా చూసి, తరువాత ఎత్తుకోమంటారు. స్ట్రోలర్ తీసుకెళ్లండి, మూడో గంట చివరకు బయటపడండి.

శాకాహారులు భోజనాన్ని కూడా సమయపు లెక్కలో చేర్చాలి. లోపలి రెస్టారెంట్లలో మాంసం గాని, మాంసపు రసం గాని లేని వంటకాన్ని తెలుసుకుని తెప్పించుకోవడానికే అరగంట పడుతుంది. చపాతీలో, పులిహోరో, పండ్లో వెంట ఉంటే ఆ సమయం మిగులుతుంది. చెంగ్డూ ఉన్న సిచువాన్ రాష్ట్రపు వంట కారం గుంటూరు నాలుకలను భయపెట్టదు గాని, అక్కడి మిరియం తెచ్చే తిమ్మిరి మాత్రం పిల్లలకు నచ్చకపోవచ్చు.

ఏడవ దశ: మరో రోజు కావాలా, వద్దా

చెంగ్డూ కేంద్రం చూశాక ఇంకా తనివి తీరనివారు దుజియాంగ్‌యాన్‌కు వెళ్లవచ్చు. వేగ రైలులో అరగంట ప్రయాణం. అక్కడి పాండా కేంద్రాల్లో జనం తక్కువ, రెండు మూడు గంటలు సరిపోతాయి. మిగిలిన పూటలో క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఆనకట్ట లేకుండా నదిని చీల్చి కట్టిన, నేటికీ పనిచేస్తున్న నీటిపారుదల వ్యవస్థను చూడవచ్చు. కృష్ణా గోదావరి డెల్టాల వారికి అది పాండాలకంటే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు. వోలాంగ్ లోయలోని శెన్‌షుపింగ్ కేంద్రం మరీ దూరం. 2008 మే 12 భూకంపంలో పాత వోలాంగ్ కేంద్రం దెబ్బతిన్న తరువాత కట్టినది అది, కొండల నడుమ, పాండాలు సహజంగా బతికే చోటికి దగ్గరగా ఉంది. దానికి చెంగ్డూ నుంచి పూర్తి రోజు కావాలి, రోడ్డు మీదే నాలుగైదు గంటలు పోతాయి. ఒకే రోజున రెండు కేంద్రాలు కలపకండి, ఏ పాండా కూడా మధ్యాహ్నం పన్నెండింటికి మీ కోసం మేలుకోదు.

చైనా దాకా వెళ్లనివారికి వేరే లెక్కలున్నాయి. సింగపూర్‌లోని రివర్ వండర్స్‌లో కై కై, జియా జియా అనే పాండాలు 2012 నుంచి ఉన్నాయి. చల్లబరిచిన మందిరంలో ఉంచుతారు కనుక ఎండతో సంబంధం లేదు. పాండాలకు నలభై నిమిషాలు, పార్కు మొత్తానికి మూడు గంటలు చాలు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ జాతీయ జూలో బావో లి, చింగ్ బావోలను 2025 జనవరి నుంచి చూపిస్తున్నారు. ప్రవేశం ఉచితమే అయినా ముందుగా పాస్ తీసుకోవాలి. వర్జీనియా, మేరీలాండ్ తెలుగు కుటుంబాలు తెరిచే వేళకు వెళ్లి ముందుగా పాండాల దగ్గర గంట గడిపి, మిగతా జూను తరువాత చూసుకోవచ్చు. శాన్ డియేగో జూలో యున్ చువాన్, షిన్ బావోలు 2024 ఆగస్టు నుంచి సందర్శకులకు కనబడుతున్నాయి. ఆ జూకు ఎలాగూ రోజంతా పడుతుంది, అందులో పాండాలకు ఉదయపు మొదటి గంటను కేటాయించి, పులుల వంటి పెద్ద పిల్లిజాతి జంతువుల ఆవరణలను మధ్యాహ్నానికి వదలండి.